డబ్బా ఫోనే పని చేసింది

ప్రశ్న: సార్, ఆఫ్రికా పల్లెల్లో ఆడవాళ్ల బతుకుల్ని సెల్‌ఫోన్ మార్చేసిందని తెగ రాస్తున్నారు. కరెంటే సరిగ్గా లేని ఊళ్లలో, చదువు రానివాళ్లకు ఇంటర్నెట్ ఏం ఒరగబెడుతుంది? ఇదంతా ఫోన్ కంపెనీల ప్రచారమేనా? — ఒక పాఠకురాలు

జవాబు: ప్రచారం కొంత ఉందండీ, కాదనను. కానీ మీరు ఇంటర్నెట్ అంటున్నారు చూశారా, అసలు సంగతి అక్కడ లేదు, ఇంటర్నెట్ అక్కర్లేని మామూలు డబ్బా ఫోన్‌లో ఉంది.

కెన్యాలో సఫారీకామ్ కంపెనీ 2007 మార్చిలో ఎం-పెసా మొదలుపెట్టింది, అంటే ఫోన్ నుంచే డబ్బు పంపుకుని, అందుకునే పద్ధతి. అంతకుముందు నైరోబీలో పనిచేసే మొగుడో కొడుకో ఇంటికి డబ్బు పంపాలంటే ఊరికెళ్లే బస్సువాళ్లకో, తెలిసినవాళ్లకో ఇచ్చి పంపాల్సిందే, అది చేరేదాకా ఇద్దరికీ టెన్షనే. ఎం-పెసా వచ్చాక ఊళ్లో ఉన్న ఇల్లాలు దగ్గర్లోని ఏజెంట్ కొట్టుకెళ్లి, గుర్తింపు కార్డు చూపించి, ఏజెంట్ నంబరు, ఎంత కావాలో ఆ అంకె, తన పిన్ నొక్కితే ఇద్దరి ఫోన్లకూ మెసేజ్ వస్తుంది, షిల్లింగులు చేతిలో పడతాయి. బ్యాంకు ఖాతాతో పనే లేదు. తవ్నీత్ సూరి, విలియం జాక్ అనే ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి కెన్యా కుటుంబాలను గమనించి 2016లో సైన్స్ పత్రికలో రాసిన లెక్క ప్రకారం దీనివల్ల దాదాపు 1,94,000 కుటుంబాలు పేదరికం నుంచి గట్టెక్కాయి, సుమారు 1,85,000 మంది ఆడవాళ్లు సేద్యం వదిలి చిన్నాచితకా వ్యాపారాల్లోకి వచ్చారు.

నన్నడిగితే అంతకన్నా గట్టి రుజువు పశ్చిమ ఆఫ్రికా దేశమైన నైజర్‌లో ఉంది. 2009-10 కరువులో కన్సర్న్ అనే సంస్థ అక్కడి పల్లెల్లో ఎక్కువగా ఆడవాళ్లకే నగదు సాయం చేసింది. కొన్ని ఊళ్లలో నోట్లు చేతికిచ్చారు, కొన్నిచోట్ల ఫోన్‌లో వేశారు, ఇంకొన్నిచోట్ల ఫోన్ ఊరికే ఇచ్చి డబ్బు మాత్రం నోట్లుగానే ఇచ్చారు. ఇచ్చిన సొమ్ము మాత్రం అందరికీ ఒకటే. అయినా ఫోన్‌లో డబ్బు అందుకున్న ఇళ్లలోనే ఎక్కువ రకాల తిండి తిన్నారు, ఎక్కువ రకాల పంటలు వేశారు. అంటే ఉత్త ఫోన్ చేతిలో ఉంటే ఒరిగిందేమీ లేదన్నమాట. పరిశోధకులు చెప్పిన కారణాలు రెండు: అంత దూరం నడిచి వరసలో నిలబడే సమయం మిగిలింది, పైగా డబ్బు ఎప్పుడు పడిందో ఇంట్లోవాళ్లకు వెంటనే తెలియదు కాబట్టి ఖర్చు దగ్గర ఆమె మాట చెల్లింది. ఈ రెండోది నాకు భలే నచ్చింది.

చదువు సంగతి అన్నారు కదా. అదే నైజర్‌లో హౌసా, జర్మా భాషల్లో వయోజన తరగతులు పెట్టి కొన్నిచోట్ల అయిదుగురికో ఫోన్ ఇచ్చి మెసేజ్ పంపడం నేర్పారు, వాళ్లు ఫోన్ లేని తరగతుల వాళ్లకంటే బాగా నేర్చుకున్నారు. ఉగాండాలోని అపాక్ జిల్లాలో వౌగ్నెట్ అనే మహిళా సంస్థ రైతు మహిళల బృందాలకు రేడియో, సెల్‌ఫోన్ ఇచ్చింది. సేద్యం కార్యక్రమం కలిసి వినడానికి, అనుమానం వస్తే అడగడానికి అక్షరాలెందుకు?

ప్రశ్న: అంత బాగుంటే ఇంకా అందరికీ ఎందుకు అందలేదు?

జవాబు: సిమ్ తీసుకోవాలంటే గుర్తింపు కార్డు కావాలి, అది లేని ఆడవాళ్లు బోలెడుమంది. ఇక మొగుడి పేరున సిమ్, మొగుడి జేబులో ఫోన్ ఉన్నచోట పైన చెప్పిందేదీ జరగదు. ఇంటర్నెట్ సంగతికొస్తే, సహారాకు దిగువన మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లు మొబైల్ ఇంటర్నెట్ వాడే అవకాశం 32 శాతం తక్కువని మొబైల్ కంపెనీల అంతర్జాతీయ సంఘం జీఎస్ఎంఏ 2024 నివేదిక చెప్పింది.

ప్రశ్న: మా స్నేహితురాళ్లం పాత స్మార్ట్‌ఫోన్లు పోగుచేసి అక్కడికి పంపుదామనుకుంటున్నాం, పంపమంటారా?

జవాబు: వద్దండీ. బ్యాటరీ సగం చచ్చిన స్మార్ట్‌ఫోన్‌కు రోజూ చార్జింగ్ కావాలి, కరెంటు లేని ఊళ్లో చార్జింగ్‌కు కూడా డబ్బులిచ్చుకోవాలి. కెన్యాలో ఎం-కోపా కంపెనీ 2012 నుంచి సోలార్ దీపాలు, ఫోన్ చార్జర్ కలిపి ఎం-పెసాలో రోజుకు కొన్ని షిల్లింగులు కట్టే పద్ధతిన అమ్మి నిలదొక్కుకుందంటే ఆ అవసరం ఎంతుందో చూడండి. ఫోన్లు పంపడానికి పెట్టే ఖర్చేదో అక్కడ ఆడవాళ్లకు గుర్తింపు కార్డులు ఇప్పించే సంస్థ ఉంటే వాకబు చేసి దానికివ్వండి.