ఫైబర్ పెట్టెలో పట్టకం ఉంటుందా?

ప్రశ్న: మా ఇంట్లో ఫైబర్ ఇంటర్నెట్ బిగించిన అబ్బాయి, మాకు వచ్చే కాంతి తరంగదైర్ఘ్యం 1490 నానోమీటర్లనీ, మేము పంపేది 1310 అనీ, రెండూ ఒకే ఫైబరులో నడుస్తాయనీ చెప్పాడు. బడిలో నేను కాంతిని విడదీయడానికి పట్టకం చూపిస్తాను. అరచేతంత పెట్టెలో ఆ పని దేనితో జరుగుతుంది? ఫోటానిక్ స్ఫటికాలంటే అవేనా?
– భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని, బొబ్బిలి

జవాబు: పట్టకం ఇక్కడ పనికిరాదండీ. శుద్ధ సిలికా గాజు వక్రీభవన గుణకంలో (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకెలో) ఈ రెండు తరంగదైర్ఘ్యాల మధ్య తేడా సుమారు 0.002 మాత్రమే కాబట్టి, 60 డిగ్రీల పట్టకం దాటిన కిరణాలు ఒక మిల్లీమీటరు ఎడం కావడానికే అడుగు దూరం దాటి ప్రయాణించాలి. ఇలాంటి పెట్టెల్లో సాధారణంగా వాడేది, వక్రీభవన గుణకం ఎక్కువున్న పదార్థాన్నీ తక్కువున్న పదార్థాన్నీ పలుచని పొరలుగా మార్చి మార్చి పూసిన చిన్న గాజు బిళ్ల. పొరపొర నుంచీ పరావర్తనమైన తరంగాలు ఒక తరంగదైర్ఘ్యం విషయంలో కలిసి బలపడి పక్కకు మళ్లుతాయి. రెండోది బిళ్లను దాటిపోతుంది. పొరల అమరిక కొన్ని తరంగదైర్ఘ్యాలకు దారి మూసేస్తుందని బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త రేలీ 1887లోనే చూపాడు. ఒకే దిశలో ఆవర్తనం, అంటే ఒకే అమరిక మళ్లీ మళ్లీ రావడం, గల ఫోటానిక్ స్ఫటికం ఇదే కనుక, మీ ఊహ సగానికి పైగా సరైనదే.

ఆ ఆవర్తనాన్ని రెండు, మూడు దిశలకు విస్తరించవచ్చని 1987లో భౌతికశాస్త్రవేత్తలు ఎలి యాబ్లొనోవిచ్, సాజీవ్ జాన్ విడివిడిగా ప్రతిపాదించారు. పలుచని సిలికాన్ పలకలో సుమారు 400 నానోమీటర్ల ఎడంతో వరుసలుగా రంధ్రాలు తొలిస్తే, 1550 నానోమీటర్ల ప్రాంతపు కాంతి పలక వెంట సాగలేదు. ఒక వరుసలో రంధ్రాలు వేయకుండా వదిలితే, అదే కాంతికి బాట అవుతుంది. ఆ బాట పక్కనే ఒకటి రెండు రంధ్రాల అమరికను మారిస్తే అక్కడ ఒక చిన్న కుహరం, అంటే కాంతిని పట్టి ఉంచే చోటు, ఏర్పడి, తన తరంగదైర్ఘ్యాన్ని మాత్రమే బాటలోంచి లాక్కొని బయటికి వదులుతుంది. మీ ఊరి వీణలో మెట్టు కాస్త జరిగితే స్వరం మారినట్లే, రంధ్రాల ఎడం ఒక నానోమీటరు మారితే ఆ తరంగదైర్ఘ్యం దాదాపు నాలుగు నానోమీటర్లు జరుగుతుంది. క్యోటో విశ్వవిద్యాలయంలో సుసుము నోడా బృందం 2000లో ఈ పద్ధతిని ప్రయోగంతో చూపింది. అంతకు ముందు, 1998లో జపాన్ పరిశోధకులు కాంతిని సాధారణ పట్టకం కంటే 500 రెట్లు ఎక్కువగా విడదీసే స్ఫటికాన్ని తయారుచేసి 'సూపర్ ప్రిజం' అన్నారు.

మరి ఈ రంధ్రాల స్ఫటికాలు మన ఇళ్లకు ఎందుకు రాలేదంటే, నా దృష్టిలో అసలు చిక్కు వేడితోనే. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే సిలికాన్ కుహరం తరంగదైర్ఘ్యం సుమారు 0.08 నానోమీటర్లు జరుగుతుంది. దూరప్రాంత ఫైబర్ లైన్లలో పక్కపక్క చానళ్ల (ఒక్కో సమాచార ప్రవాహాన్ని మోసే తరంగదైర్ఘ్యాల) మధ్య ఎడం చాలాచోట్ల 0.8 నానోమీటర్లే కాబట్టి, పది డిగ్రీల తేడాకే ఒక చానల్ కాంతి మరో చానల్ గదిలోకి పోతుంది. మే నెలలో రేకుల కప్పు కింద, తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ అంత తేడా రావడం వింతేమీ కాదు. దాన్ని సరిచేయడానికి చిప్ మీద చిన్న హీటర్లు పెట్టి, ఉష్ణోగ్రతను నిలకడగా ఉంచే ఏర్పాటు చేయాలి. రెండే తరంగదైర్ఘ్యాలను, అదీ 180 నానోమీటర్ల ఎడం ఉన్నవాటిని విడదీసే ఇంటి పెట్టెకు ఆ ఖర్చు దండగ.