దుబాయ్ టికెట్లు కొనేముందు పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి చూడండి

మీ ప్రశ్న చదివాను. ఈ మేలో అమ్మానాన్నలతో, రెండేళ్ల పాపతో దుబాయ్ వెళ్దామనుకుంటున్నారు. జనన ధ్రువపత్రం లేకపోతే పాస్‌పోర్టే ఇవ్వరని ఒకరు, చిప్ లేని పాత పాస్‌పోర్టులు ఇక చెల్లవని ఇంకొకరు భయపెట్టారు. నాన్నగారికి పుట్టినతేదీ పత్రమే లేదు.

నాన్నగారి గురించి బెంగ పెట్టుకోకండి. 2025 ఫిబ్రవరిలో పాస్‌పోర్టు నిబంధనలకు వచ్చిన సవరణ 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు మాత్రమే. వాళ్లకు జనన ధ్రువపత్రం తప్ప ఇంకేదీ కుదరదు. అంతకుముందు పుట్టినవాళ్లకు టెన్త్ సర్టిఫికెట్, స్కూలు టీసీ, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, ఆఖరికి ఎల్ఐసీ పాలసీ బాండు కూడా పనికొస్తాయి. చిప్ సంగతీ అంతే. కొత్తగా ఇచ్చేవి చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్టులే గానీ, పాతవి వాటి మీద రాసి ఉన్న గడువు తీరేదాకా చెల్లుతాయి. ఆ గడువు మాత్రం ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి. దుబాయ్ వాళ్లు అందులో ఒక్క రోజు తగ్గినా ఒప్పుకోరు.

మీరు అడగనిది ఒకటి ఉంది, నా దృష్టిలో అదే ముఖ్యం. ఇప్పుడే లేచి మీ అమ్మగారి పాస్‌పోర్టు తీసి, సర్‌నేమ్ అని ఉన్నచోట ఏం రాసి ఉందో చూడండి. మన ఇళ్లలో పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో చాలావాటికి అక్కడ ఖాళీయే ఉంటుంది.

2022 నవంబరులో మాకు ఎదురైంది చెప్తాను. మా ఆడపడుచు వాళ్లు షార్జాలో ఉంటారు. వాళ్ల బాబు అన్నప్రాశనకి అత్తయ్యగారిని తీసుకుని అందరం బయల్దేరాలి. టికెట్లు అయిపోయాయి, విజిటింగ్ వీసాలు చేతికొచ్చాయి. అత్తయ్యగారు కాకినాడ నుంచి సున్నుండలు, జంతికలు డబ్బాల్లో సర్దుకుని హైదరాబాద్‌లో మా ఇంటికి వచ్చేశారు. సరిగ్గా అప్పుడు, 21వ తేదీన, విమాన కంపెనీలు ట్రావెల్ ఏజెంట్లకి ఒక సర్క్యులర్ పంపాయి. పాస్‌పోర్టులో ఒకే పదంతో పేరు ఉండి, సర్‌నేమ్ (ఇంటిపేరు) గానీ గివెన్ నేమ్ (సొంత పేరు) గానీ ఖాళీగా ఉంటే, విజిటింగ్ వీసా మీద యూఏఈలోకి, అంటే దుబాయ్, షార్జా ఉన్న దేశంలోకి రానివ్వరు. వీసా ముందే ఇచ్చేసి ఉన్నా సరే, దిగాక వెనక్కి పంపేస్తారు.

అత్తయ్యగారి పాస్‌పోర్టులో పేరు ఒక్క ముక్క. ఆధార్‌లో, రేషన్ కార్డులో ఎలా ఉంటే అలాగే పాస్‌పోర్టులోనూ వేయించారు. మన ఊళ్లలో ఆవిడ వయసు ఆడవాళ్లకి ఇంటిపేరు అడిగినవాడెవడు, రాసినవాడెవడు?

ఆ రెండు రోజులూ ఇంట్లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మా ట్రావెల్ ఏజెంటు తత్కాల్‌లో పాస్‌పోర్టు మార్పించేయమన్నాడు. మార్పిస్తే నంబరు మారిపోతుంది, చేతిలో ఉన్న వీసా పాత నంబరు మీద ఉంది. ఆ వీసా ఏం కావాలి? దానికి అతని దగ్గర జవాబు లేదు. మావారి పెదనాన్నగారు నోటరీ అఫిడవిట్ చేయించమన్నారు. ఇక్కడి నోటరీ ముద్రని షార్జా ఇమిగ్రేషన్ ఆఫీసరు ఎందుకు చూస్తాడు? ఇంకెవరో ఆవిడని టెన్త్ పాస్ కాలేదు కాబట్టి అసలు పంపించరని కొత్త భయం పెట్టారు. అదీ తప్పే. టెన్త్ పాస్ కానివాళ్లు గల్ఫ్‌కి వెళ్లాలంటే మన ప్రభుత్వం దగ్గర తీసుకోవాల్సిన అనుమతిని ఎమిగ్రేషన్ క్లియరెన్సు అంటారు. 50 దాటినవాళ్లకి ఆ గొడవే లేదు, చూడ్డానికి వెళ్లేవాళ్లకి ఏ వయసులోనూ అక్కర్లేదు. అది ఉద్యోగానికి వెళ్లేవాళ్ల కోసం పెట్టిన నిబంధన. అత్తయ్యగారు మాత్రం డబ్బాల మూతలు మళ్లీ మళ్లీ బిగిస్తూ, "నేను ఉండిపోతాలేరా, మీరెళ్లి రండి" అని కొడుకుతో అంటూనే ఉన్నారు. ఆవిడ మనవడి అన్నప్రాశనకి ఆవిడ వెళ్లకపోవడమేమిటి?

తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే వివరణ వచ్చింది. పేరు ఒక్కటే ఉన్నా, పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరు గానీ కుటుంబం పేరు గానీ ఉంటే అనుమతిస్తారని. రెండో పేజీ అంటే మన పుస్తకంలో ఆఖరి పేజీ. ఆ పేజీని ఎవరూ చూడరు. మావారు లైటు కింద పెట్టి చదివారు. పైన తండ్రి పేరు, కింద తల్లి పేరు, భర్త పేరు, చిరునామా, అడుగున ఫైలు నంబరు. తండ్రి పేరు దగ్గర వాళ్ల నాన్నగారి ఇంటిపేరుతో సహా పూర్తి పేరు అచ్చై ఉంది. "ఆయన పోయి ఎన్నేళ్లయిందిరా, ఇన్నాళ్లకి మళ్లీ ఆయనే గట్టెక్కించాడు" అని అత్తయ్యగారు ఆ పేజీని కళ్లకద్దుకున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 2018 జనవరిలో మన విదేశాంగ శాఖ ఈ ఆఖరి పేజీని అచ్చువేయడం మానేస్తామనీ, ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాల్సినవాళ్లకి నారింజ రంగు పాస్‌పోర్టు ఇస్తామనీ ప్రకటించింది. గల్ఫ్ కూలీలను రంగుతో వేరు చేస్తారా అని గొడవైతే, అదే నెల 30న రెండూ విరమించుకుంది. రంగు గురించి అందరూ మాట్లాడారు, పేజీ గురించి పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆ పేజీ అప్పుడే పోయి ఉంటే 2022లో మా అత్తయ్యగారిలాంటి ఎంతమంది ఎయిర్‌పోర్టుల్లో ఆగిపోయేవారో. అందుకే "పాస్‌పోర్టులో అడ్రసు పేజీ తీసేస్తే ఏం పోయింది" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

చెకిన్ కౌంటర్ దగ్గర అనుకున్నట్టే ఆపారు. ఆ అమ్మాయి మొదటి పేజీ చూసి, "పేరు ఒక్కటే ఉందండీ" అంది. నేను వివరణ ప్రింటు, ఆఖరి పేజీ ఆమె ముందు పెట్టాను. ఆమె సూపర్‌వైజర్‌ని పిలిచింది. ఆయన కంప్యూటర్‌లో ఏదో చదివి, మళ్లీ ఆఖరి పేజీ చూసి, తలూపి వెళ్లిపోయాడు. బోర్డింగ్ పాస్ చేతికొచ్చేదాకా అత్తయ్యగారు నా మోచేయి వదల్లేదు. షార్జాలో దిగాక అసలు ప్రశ్నే రాలేదు, ముద్ర వేసి పంపేశారు.

నేను చెప్పేది ఇదే. జనం "పాస్‌పోర్టు రూల్స్" అనేది ఒకటి కాదు. పాస్‌పోర్టు ఇవ్వడానికి మన ప్రభుత్వం అడిగేవి వేరు, లోపలికి రానివ్వడానికి అవతలి దేశం అడిగేవి వేరు, విమానం ఎక్కించడానికి విమాన కంపెనీ చూసేవి వేరు. మూడింటినీ కలిపి ఒక వాట్సాప్ మెసేజీగా తిప్పుతారు, కింద తేదీ ఉండదు. జనన ధ్రువపత్రం మొదటి రకం. ఆరు నెలల గడువు, ఒంటిపేరు రెండో రకం. ఆ ఒంటిపేరు నిబంధన మాకు తెలిసిందే విమాన కంపెనీ సర్క్యులర్ వల్ల. కాబట్టి మీ విమాన కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట కౌంటర్‌లో చెల్లదు.

పాస్‌పోర్టు ఆఫీసుల చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో కూర్చునే బ్రోకర్లను అసలు అడగకండి. ఉచితంగా నింపుకోగలిగే ఫారానికి వందలు, వేలు గుంజుతారు, పైగా పేరు గడుల్లో వాళ్లకి తోచింది కొట్టేస్తారు. పెద్దవాళ్లకి 36 పేజీల పాస్‌పోర్టు ఫీజు 1500, తత్కాల్ అయితే పైన 2000. అంతకుమించి ఎవరడిగినా ఇవ్వొద్దు. ప్రభుత్వ వెబ్‌సైటు పేరుకి దగ్గరగా ఉండే నకిలీ సైట్లు కూడా ఉన్నాయి, చిరునామా చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి.

పేర్ల విషయంలో మన తెలుగువాళ్లంత నష్టపోయేవాళ్లు లేరని నా గట్టి నమ్మకం. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పూర్తిగా. ఆధార్‌లో ఒక పొడి అక్షరం. పాన్‌లో ఆ అక్షరాన్ని విడగొట్టి ఇంకో రకం. పాస్‌పోర్టులో మొత్తం గివెన్ నేమ్‌లోకి తోసి, సర్‌నేమ్ ఖాళీ. అమెరికా వెళ్లిన మా పిన్ని కూతురికి ఇలాగే వీసాలో పేరు స్థానంలో "ఎఫ్ఎన్‌యూ" అని పడింది. అంటే పేరు తెలియదని. అక్కడ డ్రైవింగ్ లైసెన్సు మీదా అదే ఎక్కింది, దాన్ని తీయించుకోవడానికి ఆ పిల్ల పడని పాట్లు లేవు. తల్లిదండ్రులు ముద్దుగా పెట్టుకున్న పేరుండగా పేరు తెలియదని రాయించుకోవడం ఏం ఖర్మ?

మేము షార్జా నుంచి రాగానే అత్తయ్యగారి ఆధార్‌లో ఇంటిపేరు చేర్పించి, తర్వాత వివరాల మార్పు కింద పాస్‌పోర్టు రీఇష్యూ చేయించాం. మీ అమ్మగారికీ ఖాళీ ఉంటే ఇదే వరస పాటించండి: ముందు ఆధార్, తర్వాత పాస్‌పోర్టు, కొత్త నంబరు వచ్చాకే వీసా, చివర టికెట్. పెళ్లయింది కదా అని భర్త ఇంటిపేరే పెట్టాలన్న నియమం లేదు, ఆవిడ ఇష్టం.

ఇక పాప. తను 2023 అక్టోబరు తర్వాత పుట్టింది కాబట్టి జనన ధ్రువపత్రం తప్పనిసరి, అందులో పేరు కూడా ఉండాలి. ఆసుపత్రిలో పుట్టగానే ఇచ్చే పత్రాల్లో చాలాసార్లు పేరు ఖాళీగా వదిలేస్తారు. ఏడాది లోపు అయితే ఉచితంగా చేర్చేవారు, ఇప్పుడు కొద్దిగా లేటు ఫీజు కట్టాలి. మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో ఈ వారమే చేయించండి, ఇంటిపేరు పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టుకి మీ ఇద్దరి సంతకాలతో అనెక్సర్ డి, అంటే తల్లిదండ్రులు ఇచ్చే అంగీకార పత్రం, కావాలి. పిల్లల పాస్‌పోర్టు గడువు ఐదేళ్లే, ఆ తేదీ ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి.