యూరోపియన్ లా చదివితే బ్రస్సెల్స్‌లో ఉద్యోగం వస్తుందా? భీమవరం నుంచి రాసిన ఒక నాన్నగారికి జవాబు

భీమవరం దగ్గర పల్లెటూరి నుంచి ఒక నాన్నగారు రాశారు. రొయ్యల చెరువులు చేస్తారట, పాప వైజాగ్‌లో ఐదేళ్ల లా కోర్సు ఆఖరి సంవత్సరంలో ఉందట. నెదర్లాండ్స్‌లో యూరోపియన్ లా మీద ఎల్‌ఎల్‌ఎం చేస్తానని పట్టుబట్టింది, కన్సల్టెన్సీ వాళ్లేమో ఒక్క ఏడాది చదివితే చాలు బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ యూనియన్ (ఈయూ) ఆఫీసుల్లోనో యూరోపియన్ కోర్టులోనో పర్మనెంట్ ఉద్యోగం గ్యారంటీ అన్నారట. "రెండెకరాలు అమ్మి పంపమంటారా, అసలు ఏ దేశం చట్టం ఆ దేశానికి ఉంటుంది కదా, ఈ యూరోపియన్ లా అనేది ఏంటండి" అని అడిగారు.

అండీ, పొలం అమ్మేదాకా వచ్చింది కాబట్టి ఉద్యోగం సంగతి ముందు తేల్చేస్తాను. ఆ గ్యారంటీ మాట నమ్మకండి. ఈయూ సంస్థల్లో పర్మనెంట్ ఉద్యోగానికి 27 సభ్యదేశాల్లో ఏదో ఒక దేశం పౌరసత్వం ఉండాలి, అది వాళ్ల స్టాఫ్ రూల్స్‌లోనే రాసి ఉంది, మినహాయింపులు ఉన్నా చాలా అరుదు. మన పాస్‌పోర్ట్ మీద దొరికేది ఎక్కువలో ఎక్కువ ట్రైనీషిప్, యూరోపియన్ కమిషన్ వాళ్లు (ఈయూ పాలన చూసే సంస్థ) ఏడాదికి రెండుసార్లు, మార్చిలో ఒకటి అక్టోబర్‌లో ఒకటి, ఐదు నెలల ట్రైనింగ్ పెడతారు, దాన్ని బ్లూ బుక్ అంటారు, అందులో బయటి దేశాల వాళ్లకి కొద్ది సీట్లు మాత్రమే ఉంటాయి. ఇక అక్కడ లాయర్‌గా ప్రాక్టీస్ అంటే ఆ దేశం బార్, అంటే లాయర్ల సంఘం, పెట్టే అర్హతలన్నీ దాటాలి, మన ఎల్‌ఎల్‌బీ మీద ఒక ఎల్‌ఎల్‌ఎం పెట్టుకున్నంత మాత్రాన కుదరదు.

ఆ కన్సల్టెన్సీ వాళ్లని ఒక్క ప్రశ్న అడగండి, మీరు చెప్పే యూరోపియన్ కోర్టు ఏ ఊళ్లో ఉందండీ అని. చాలామంది మూడు కోర్టుల్ని కలిపేస్తారు. ఈయూ కోర్టు ఉండేది లక్సెంబర్గ్‌లో. స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్నది మానవ హక్కుల కోర్టు, అది ఈయూది కానే కాదు, కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే 46 దేశాల వేరే సంస్థది. హేగ్‌లో ఉన్న అంతర్జాతీయ న్యాయస్థానం ఐక్యరాజ్యసమితిది. ఇది తెలియకుండా కోర్సులు అమ్మే మనిషి చేతిలో మీ రెండెకరాల డబ్బు పెట్టడం నాకు మనసొప్పట్లేదు.

అలాగని పాప తప్పు సబ్జెక్ట్ ఎంచుకుందని మాత్రం అనను. ఆ సబ్జెక్ట్ అవసరం బ్రస్సెల్స్‌లో కంటే మీ ఊళ్లోనే ఎక్కువ ఉంది, ఎలాగో చెప్తాను.

మీరడిగింది సరైన ప్రశ్నే, ఏ దేశం చట్టం ఆ దేశానిదే. కానీ రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 1951లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ ఈ ఆరూ పారిస్‌లో సంతకాలు పెట్టి బొగ్గు, ఉక్కు వ్యవహారం ఒక ఉమ్మడి సంస్థకి అప్పజెప్పాయి, ఎందుకంటే ఫిరంగులు తయారయ్యేది వాటితోనే, ఆ రెండూ ఉమ్మడిగా ఉంటే ఒకరికి తెలియకుండా ఒకరు యుద్ధానికి సిద్ధం కాలేరు. 1957లో రోమ్ ఒప్పందంతో అది మొత్తం మార్కెట్‌కి పాకింది, 1992లో మాస్ట్రిక్ట్‌లో యూనియన్ అనే పేరు పెట్టుకున్నారు, ఇప్పుడు నడుస్తున్న రూపం 2009లో అమల్లోకి వచ్చిన లిస్బన్ ఒప్పందంది. మన రాజ్యాంగంలో కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా ఉన్నట్టే వాళ్లకీ పంపకాలున్నాయి. కస్టమ్స్ సుంకాలు, బయటి దేశాలతో వ్యాపార ఒప్పందాలు పూర్తిగా యూనియన్ చేతిలో ఉంటాయి, వ్యవసాయం, పర్యావరణం లాంటివి ఉమ్మడిగా. తేడా ఏంటంటే మనది ఒక దేశం, వాళ్లది దేశాలు తమ అధికారంలో కొంత ఒప్పందం రాసుకుని ఇచ్చిన ఏర్పాటు, ఇష్టం లేకపోతే బయటికి వెళ్లిపోవచ్చు కూడా, బ్రిటన్ 2020లో అలాగే వెళ్లిపోయింది.

చట్టం ప్రతిపాదన పెట్టేది దాదాపు ఎప్పుడూ కమిషనే, పార్లమెంటు సభ్యుడు మన దగ్గరలా సొంతంగా బిల్లు పెట్టలేడు. పాస్ చెయ్యాల్సింది ప్రజలు ఎన్నుకున్న పార్లమెంటు, దేశాల మంత్రులు కూర్చునే కౌన్సిల్ (ఇందాక చెప్పిన కౌన్సిల్ ఆఫ్ యూరప్ కాదు), రెండూ కలిసి. కౌన్సిల్‌లో చాలా విషయాలకి 27లో 15 దేశాలు ఒప్పుకోవాలి, ఆ దేశాల జనాభా మొత్తం జనాభాలో 65 శాతం ఉండాలి. అలా వచ్చిన చట్టం రెగ్యులేషన్ అయితే ఆ మాటకి ఆ మాట అన్ని దేశాల్లో నేరుగా అమలవుతుంది, డైరెక్టివ్ అయితే ఫలితం ఏం రావాలో మాత్రం చెప్పి, గడువులోగా మీ దేశం చట్టం మీరు చేసుకోండి అంటుంది.

మరి దేశం మాట తప్పితే? పాప దీన్ని బాగా పట్టుకోవాలి, సబ్జెక్ట్ ప్రాణమంతా ఇక్కడే ఉంది. వాన్ గెండ్ ఎన్ లూస్ అని ఒక డచ్ రవాణా కంపెనీ, జర్మనీ నుంచి జిగురు తయారీలో వాడే ఒక రసాయనం తెప్పించుకుంది. సుంకాలు పెంచం అని రోమ్ ఒప్పందంలో రాసుకుని కూడా డచ్ కస్టమ్స్ వాళ్లు 3 శాతం బదులు 8 శాతం వేశారు. ఒప్పందం దేశాలకీ దేశాలకీ మధ్యది, మధ్యలో నువ్వెవరు అడగడానికి అన్నట్టు వాదించింది ప్రభుత్వం. 1963లో లక్సెంబర్గ్ కోర్టు ఏమందంటే, ఈ ఒప్పందం దేశాలకే కాదు మనుషులకీ హక్కులు ఇస్తుంది, వాళ్లు తమ ఊరి కోర్టులోనే వాటిని అడగొచ్చు అంది. మరుసటి ఏడాది ఇటలీలో కోస్టా అనే లాయర్ 1,925 లీరాల కరెంటు బిల్లు కట్టనన్నాడు, ఆ గొడవ అక్కడికే చేరి, దేశం చట్టానికీ ఈ చట్టానికీ పడకపోతే ఈ చట్టమే పైన అనే సూత్రం పుట్టింది. పైనుంచి పోలీసూ రాలేదు సైన్యమూ రాలేదు, కింది కోర్టు జడ్జి ఒక అనుమానం రాసి లక్సెంబర్గ్‌కి పంపుతాడు, జవాబు వచ్చాక తీర్పు తనే ఇస్తాడు, మొత్తం యంత్రం ఈ ఉత్తరాల మీద నడుస్తుంది. నేను ఈ రెండు తీర్పులూ ఎంతమంది పిల్లలకి చెప్పానో, చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు మీ చెరువు గట్టు మీదకి వద్దాం. మీ వనామీ రొయ్య యూరప్ వెళ్లాలంటే పట్టుబడికి ముందు శాంపిల్ ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) ల్యాబ్‌కి పంపి యాంటీబయాటిక్ లేదని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి కదా, క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ పేర్లు మీకు నాకంటే బాగా తెలుసు. ఈ పరీక్ష ఎందుకు? యూరప్ పెట్టిన నిబంధనల వల్లే. 2016లో కమిషన్ ఒక నిర్ణయం తీసుకుని, ఇండియా నుంచి వచ్చే చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పోర్టు దగ్గర పరీక్షించే వాటా 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఇవాళ ఏజెంటు "యూరప్ కంటైనర్ ఆగిపోయిందండీ" అని రేటు తగ్గిస్తే ఆ తగ్గింపు మొదలైంది అలాంటి కాగితంలోనే. ఆ కాగితం చదివి, ఎక్కడ అభ్యంతరం చెప్పొచ్చో, ఏ రికార్డు ఉంటే సరుకు ఆగదో చెప్పే మనిషి భీమవరంలో ఎంతమంది ఉన్నారు చెప్పండి.

రొయ్యలే కాదు. 2015లో హైదరాబాద్‌లో జరిగిన కొన్ని మందుల పరీక్షల డేటా నమ్మదగ్గది కాదని తేలి, దాదాపు 700 జెనరిక్ మందుల అనుమతులు యూరప్‌లో నిలిపేయమని వాళ్ల మందుల ఏజెన్సీ సిఫారసు చేసింది. 2018 మే 25 నుంచి జీడీపీఆర్ అనే ఈయూ డేటా రక్షణ చట్టం అమల్లో ఉంది, అక్కడి జనం డేటా చూసే హైటెక్ సిటీ కంపెనీ కూడా దాని కిందకి వస్తుంది, జరిమానా ప్రపంచ టర్నోవర్‌లో 4 శాతం దాకా వెళ్లొచ్చు. మాక్స్ ష్రెమ్స్ అని ఒక ఆస్ట్రియా కుర్రాడు లా చదివే రోజుల్లోనే ఫేస్‌బుక్ మీద ఫిర్యాదులు పెట్టడం మొదలెట్టి, 2015లో ఒకసారి 2020లో ఒకసారి అమెరికాకి డేటా పంపే ఏర్పాట్లనే కోర్టులో కొట్టేయించాడు, అప్పట్నుంచి యూరప్ క్లయింట్లు బయటి దేశాలకి డేటా పంపే కాంట్రాక్టుల్లో షరతులు మరీ జాగ్రత్తగా చూస్తున్నారు. విశాఖ నుంచి యూరప్‌కి ఉక్కు ఎగుమతి చేసేవాళ్లకి 2023 అక్టోబర్ నుంచి కార్బన్ సరిహద్దు పన్ను (సరుకు తయారీలో వెలువడిన కార్బన్‌ని బట్టి వేసేది) లెక్కలు మొదలయ్యాయి. వ్యాపార ఒప్పందం మీద మనకీ వాళ్లకీ 2007లో మొదలై 2013లో ఆగి 2022లో మళ్లీ మొదలై చర్చలు నడిచాయి, ఆ కాగితాలు చదివి చెప్పేవాళ్లూ కావాలి.

అందుకని నా సలహా ఇదండీ, పొలం అమ్మొద్దు, ఇప్పుడే పంపొద్దు. డిగ్రీ అవ్వగానే బార్‌లో ఎన్‌రోల్ అయ్యి రెండేళ్లు హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో డేటా ప్రైవసీ, ఫార్మా రెగ్యులేటరీ, ఎగుమతులు చూసే చోట పని చెయ్యనివ్వండి, జీతం మొదట్లో తక్కువే ఉంటుంది, ఓర్చుకోవాలి. డేటా వైపు ఇష్టమైతే ఐఏపీపీ అనే డేటా ప్రైవసీ నిపుణుల సంఘం పెట్టే సీఐపీపీ-ఈ పరీక్ష ఇంట్లో కూర్చుని చదివి రాయొచ్చు, అది ప్రత్యేకంగా యూరప్ డేటా చట్టం మీదే. ఆ తర్వాత కూడా ఇదే కావాలంటే అప్పుడు లైడెన్, మాస్ట్రిక్ట్, లూవెన్ లాంటి యూనివర్సిటీలకి అప్లై చెయ్యొచ్చు, ఎరాస్మస్ ముండస్ జాయింట్ మాస్టర్స్‌లో (కొన్ని యూనివర్సిటీలు కలిసి నడిపే, ఈయూ డబ్బిచ్చే కోర్సులు) తనకి సరిపోయే కోర్సు ఉంటే స్కాలర్‌షిప్ నెలకి 1,400 యూరోలు, ముందు దానికే గట్టిగా ప్రయత్నించాలి. నెదర్లాండ్స్‌లో చదివినవాళ్లకి కోర్సయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఒక ఏడాది పర్మిట్ ఇస్తారు, రెండేళ్ల పని అనుభవంతో వెళ్లిన పిల్లకీ ఏమీ లేకుండా వెళ్లిన పిల్లకీ ఆ ఏడాది ఒకేలా గడవదు. ఫ్రెంచ్ మాత్రం ఈ నెలలోనే మొదలెట్టమనండి, ఈయూకి 24 అధికార భాషలున్నా లక్సెంబర్గ్ కోర్టులో లోపల పని జరిగేది ఫ్రెంచ్‌లో.

పాపతో గట్టిగా మాట్లాడే ముందు ఒక పని చేయించండి. నేను చెప్పిన ఆ రెండు తీర్పులూ యూర్-లెక్స్ అనే ఈయూ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, చదివి, మీ రొయ్యల కంటైనర్ నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్ పోర్టులో ఆగితే మీరు ఎవరి దగ్గరికి వెళ్లాలో ఒక పేజీలో తెలుగులో రాసి మీకు వినిపించమనండి. మీకు అర్థమైతే ఆ పేజీ నాకు పంపండి, తనతో నేను మాట్లాడతాను. అప్పటిదాకా కన్సల్టెన్సీకి అడ్వాన్స్ ఒక్క రూపాయి కట్టకండి.