ఎకో లేబుల్ ఉన్న అలమరానా, గట్టి చెక్కతో చేసిన పాతదా?

రీసైకిల్డ్ మెటీరియల్ అని లేబుల్ వేసిన కొత్త అలమరా కొనాలా, పాతదైనా గట్టి చెక్కది వెతుక్కోవాలా అని కదా మీరడిగింది. నేనైతే ముందు స్క్రూలు దేంట్లోకి దిగాయో చూస్తాను, లేబుల్ సంగతి తర్వాత.

ఈ విషయంలో నాకు ఒకసారి తల బొప్పి కట్టింది. పార్టికల్ బోర్డు అలమరా ఒకటి కొన్నాను, రెండేళ్లు నిక్షేపంగా ఉంది. ఇల్లు మారినప్పుడు విప్పి మళ్లీ బిగించాం, అంతే, ఆ తర్వాత తలుపు బందులు నిలవలేదు. స్క్రూ తిప్పితే తిరుగుతూనే ఉంటుంది, బెజ్జంలోంచి పొట్టు రాలుతుంది. చెక్క ముక్కల్నీ పొట్టునీ జిగురుతో కలిపి ఒత్తిన పలక అది, అసలు చెక్కలో పొడుగ్గా ఉండే నార అందులో ఉండదు కాబట్టి ఒకసారి పట్టు వదిలితే మళ్లీ దొరకడం కష్టం. బెజ్జంలో అగ్గిపుల్లలు, జిగురు కూరి చూశాను, నాలుగు నెలలు ఆగింది. ఈలోపు నేల తుడిచిన తడికి అడుగు అంచు ఉబ్బిపోయింది.

మా తాతగారి గట్టి చెక్క కుర్చీ కూడా ఓసారి కదిలిపోయింది. వడ్రంగి దాన్ని తట్టి విడదీసి, బెజ్జాల్లో ఎండిన పాత జిగురు గీకేసి, కొత్తది రాసి, రాత్రంతా బిగించి ఉంచాడు. ఇప్పుడు దాని మీదే కూర్చుని టైప్ చేస్తున్నాను.

అలాగని విప్పి బిగించేదంతా నాసిరకం అనుకోకండి. థోనెట్ అనే ఫర్నిచర్ కంపెనీ 1859లో తెచ్చిన నంబర్ 14 కుర్చీ చూడండి: ఆవిరితో వంచిన చెక్క ముక్కలు ఆరు, పది స్క్రూలు, రెండు నట్లు. విడిభాగాలుగా సర్దితే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. ఆ డిజైన్ ఇప్పటికీ తయారవుతోంది, ఎక్కడ వేసినా ఎబ్బెట్టుగా ఉండదు.

డిజైన్ దగ్గర మాత్రం తప్పు నాదే. తళతళలాడే ఊదారంగు లామినేట్, తలవైపు అద్దాలు ఉన్న మంచం ఒకటి ముచ్చటపడి కొన్నాను. కిర్రుమన్నది కూడా లేదు పాపం, ఆరేళ్లకి నాకే దాని మొహం మొత్తి ఇచ్చేశాను. పట్టుకెళ్లినవాళ్లు కూడా అద్దాలు పీకేసి వాడుకుంటామన్నారు! అందుకే ఇప్పుడు రంగు మీద మోజు ఉంటే దుప్పట్లతోనో, కుషన్ కవర్లతోనో తీర్చుకుంటున్నాను.

కొనేముందు డ్రాయర్ పూర్తిగా బయటికి లాగి వెనక మూలలు చూడండి. చెక్కలో చెక్క దిగి ఉంటే సరే, పిన్నులు కొట్టి వదిలేస్తే వద్దు. ఇంట్లో ఇప్పటికే పార్టికల్ బోర్డుది ఉంటే మాత్రం పారెయ్యకండి, కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టి తడి తగలకుండా వాడుకోండి. నా అలమరా అరలు రెండు ఇంకా ఉన్నాయి, పుస్తకాల బరువుకి మధ్యలో వంగినప్పుడల్లా తిరగేసి పెడుతున్నాను.