టెక్ సందేహాలు: డిఫ్యూజన్ ఎంఆర్‌ఐలో చుక్కలు పోవాలంటే

ప్రశ్న: సార్, గుణుపురంలో ఎం.టెక్ చేస్తున్నాను. ప్రాజెక్టు కోసం డిఫ్యూజన్ ఎంఆర్‌ఐ డేటా డౌన్‌లోడ్ చేశాను. బొమ్మలన్నీ చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. గాసియన్ ఫిల్టర్ వేస్తే నున్నగా వచ్చాయి గానీ మా గైడ్ ఒప్పుకోవడం లేదు. ఏది వాడాలి?

జవాబు: మీ గైడ్ మాటే సరైనది. ఈ స్కాన్ కొలిచేది మెదడులో నీటి అణువుల కదలికని. నీరు ఎంత స్వేచ్ఛగా కదిలితే సిగ్నల్ అంత పడిపోతుంది. బి విలువ (కదలికని పట్టే సెట్టింగ్ ఎంత బలంగా ఉందో చెప్పే అంకె) 1000 దగ్గర మెదడు కణజాలంలో దాదాపు సగమే మిగులుతుంది, మెదడు ద్రవంలో 5 శాతమే. నాయిస్, అంటే ఆ చుక్కలు, మాత్రం తగ్గకుండా అంతే ఉంటుంది. 4 సార్లు తీసి సగటు కడితే అది సగమవుతుంది, కానీ రోగి అంతసేపు కదలకుండా పడుకోవాలి. ఇంకో చిక్కు ఉంది. మనం చూసే బొమ్మలో విలువలు సున్నా కిందికి పోవు. అందుకని సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట నాయిస్ విలువని పైకే నెడుతుంది. దీన్ని రైసియన్ నాయిస్ అంటారు. ఇలా పైకి నెట్టిన తేడా మామూలు సగటుతో పోదు.

గాసియన్ పక్కపక్క వోక్సెల్స్‌ని (స్కాన్ బొమ్మలోని చిన్న చిన్న గళ్లని) కలిపేస్తుంది. నరాల తీగకీ ద్రవానికీ మధ్య అంచు చెరిగిపోతే లెక్కే తప్పుతుంది. 1990 నాటి పెరోనా-మాలిక్ పద్ధతి అంచుల దగ్గర ఆగుతుంది. 2005లో వచ్చిన నాన్ లోకల్ మీన్స్ పోలిక ఉన్న ముక్కల్ని దూరం నుంచైనా వెతికి సగటు కడుతుంది. రెండూ మంచివే.

మీ డేటాలో నీటి కదలికని ముప్పై, అరవై దిశల్లో కొలిచి ఉంటే మాత్రం ఎంపీ-పీసీఏ అనే పద్ధతి వాడండి. ఒకే చోటుని అన్ని దిశల్లో కొలిచినప్పుడు అసలు సిగ్నల్ అన్నిట్లో కలిసి కదులుతుంది, నాయిస్ దేనికదే. భజనలో పాట అందరిదీ ఒకటే, దగ్గు ఎవరిది వాళ్లదే కదా. 5×5×5 వోక్సెల్స్ ముక్కని, అన్ని దిశలతో కలిపి ఒక మాట్రిక్స్‌గా పేర్చి పీసీఏ చేస్తారు, అంటే డేటాని ప్రధాన భాగాలుగా విడదీస్తారు. వట్టి నాయిస్ అయితే ఐగెన్ విలువలు (ఒక్కో భాగం ఎంత బలమైందో చెప్పే అంకెలు) ఎలా పరుచుకుంటాయో మార్చెంకో, పాస్తూర్ అనే గణిత శాస్త్రవేత్తలు 1967లోనే లెక్కగట్టారు; ఎంపీ అంటే వాళ్ల పేర్లే. ఆ పరిధిలో పడినవాటిని తీసేస్తే సరి. దీన్ని డిఫ్యూజన్ ఎంఆర్‌ఐకి అన్వయించిన పేపర్ 2016లో వచ్చింది. ఎంఆర్‌ట్రిక్స్, డిపై అనే సాఫ్ట్‌వేర్లు రెండిట్లోనూ ఉచితంగా దొరుకుతుంది. కదలికల కరెక్షన్ కంటే ముందే నడపండి. ఆ తర్వాత నడిపితే నాయిస్ పక్క వోక్సెల్స్‌లోకి కలిసిపోయి లెక్క పనిచేయదు.

ఏ ఫిల్టర్ వేసినా, తీసేసినదాన్ని చూడండి. అసలు బొమ్మలోంచి శుభ్రం చేసినదాన్ని తీసివేసి తేడా బొమ్మ వేయండి. అందులో వట్టి ఇసుకే కనబడాలి. మెదడు మడతలు కనబడ్డాయంటే ఫిల్టర్ నాయిస్‌తో పాటు మెదడునీ తినేసిందని అర్థం. మీ గాసియన్‌ని ఇలా పరీక్షించి గైడ్‌కి చూపించండి.

ప్రశ్న: రాయగడలో ఉంటాం. నాన్నగారికి పక్షవాతం వస్తే విశాఖలో ఎంఆర్‌ఐ తీయించాం. సీడీలో కొన్ని బొమ్మలు గరుగ్గా ఉన్నాయి, టెన్షన్‌గా ఉంది. ఫోన్ యాప్‌తో క్లియర్ చేసి బరంపురం డాక్టర్‌గారికి వాట్సాప్ చేయొచ్చా?

జవాబు: వద్దండి. డిఫ్యూజన్ బొమ్మలు కొంత గరుగ్గానే ఉంటాయి, కంగారు పడకండి. ఫోటో యాప్ చిన్న తెల్ల మచ్చని చెరిపేయొచ్చు, లేనిదాన్ని గీయనూవచ్చు. కొత్త పక్షవాతంలో డాక్టర్ వెతికేది ఆ మచ్చనే. డిఫ్యూజన్‌లో తెల్లగా ఉన్న చోటు ఏడీసీ మ్యాప్‌లో (నీరు ఎంత స్వేచ్ఛగా కదులుతోందో చూపే బొమ్మలో) నల్లగా ఉందా అని రెండూ కలిపి చూస్తారు. సీడీలోని మొత్తం డైకామ్ (స్కాన్ అసలు ఫైళ్ల) ఫోల్డర్‌ని జిప్ చేసి, ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. రిపోర్టు కాగితం జత చేయండి. మాట తడబడటం, చెయ్యి పడిపోవడం మళ్లీ కనిపిస్తే ఫైళ్లు పంపుతూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.