కొడుకు కరెంటు పోల్ ఎక్కుతానంటే అమ్మకు నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: మా అబ్బాయి ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తి చేశాడు. కరెంటు లైన్ల పనిలో అప్రెంటిస్‌గా అవకాశం వచ్చింది. అక్కడ ఎక్కువగా చెక్క పోల్సే ఉంటాయట, కాళ్లకు ఇనుప ముళ్లు కట్టుకుని ఎక్కాలట. వాళ్ల నాన్నగారు అది వద్దని, ఆరు నెలల డేటా సైన్స్ కోర్సులో చేరమంటున్నారు. రెండూ పోల్చి ఏది మంచిదో చెప్పండి.

జవాబు: అమ్మా, మీరు పోల్చమని అడిగారు గానీ, మీ మనసులో ఉన్నది వేరే ప్రశ్న. సాయంత్రానికి బాబు క్షేమంగా ఇంటికొస్తాడా అని. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. అందుకే ముందు దానికే జవాబిస్తాను.

ఇది ప్రమాదమున్న పనే, కాదని చెప్పను. ఎత్తూ కరెంటూ రెండూ ఒకేచోట ఉంటాయి. కానీ ఆ ప్రమాదం ఎటునుంచి వస్తుందో పని తెలిసినవాళ్లకు బాగా తెలుసు, దాన్ని ఎలా ఆపాలో కూడా తెలుసు.

చెక్క పోల్ సంగతే చూడండి. పైకి నిక్షేపంగా కనిపించే పోల్ కూడా నేలను ఆనుకున్న చోట, కాస్త మట్టి లోపల, కుళ్లిపోయి ఉండొచ్చు. తేమా గాలీ రెండూ అందేది అక్కడే మరి. అందుకే శిక్షణ పొందిన మనిషి రాగానే ఎక్కడు. చుట్టూ తిరిగి సుత్తితో కొట్టి వింటాడు. గట్టి చెక్కయితే ఖంగుమంటుంది, లోపల పుచ్చిపోతే డొల్ల శబ్దం వస్తుంది. అనుమానముంటే పోల్ మొదలు దగ్గర మట్టి తీసి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తాడు. ఒక్కోసారి పుచ్చిన పోల్‌ను పైనున్న తీగల బిగువే నిలబెడుతుంది. ఎక్కినవాడు ఆ తీగ కోస్తే పోల్ మనిషితో సహా కూలుతుంది. కాబట్టి అలాంటిదానికి ముందు ఊతం కట్టాలి, లేదా మనిషిని తొట్టెలో నిలబెట్టి పైకెత్తే బకెట్ బండి తెప్పించాలి.

ఎక్కడంలోనూ నేర్పు ఉంది. ముల్లు చెక్కలో దిగాలంటే మోకాళ్లు పోల్‌కు దూరంగా ఉండాలి. భయపడి పోల్‌ను వాటేసుకుంటే కోణం తప్పి ముల్లు ఊడొస్తుంది. కొత్తవాళ్లు జారడానికి ఇదొక పెద్ద కారణం. పాత రకం బెల్టు పైకెళ్లాక చేతులు ఖాళీగా ఉంచుకోవడానికే తప్ప ఎక్కుతున్నప్పుడు పడకుండా ఆపేది కాదు. ఇప్పుడు కాలు జారగానే పోల్‌ను బిగించి పట్టేసే పట్టీలు వచ్చాయి. అమెరికాలో 2015 ఏప్రిల్ 1 నుంచి పోల్ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పడకుండా ఆపే పరికరం వాడాలన్నది నిబంధన, మినహాయింపులు చాలా తక్కువ.

ఇక కరెంటు. సప్లై ఆపేశామని ఎవరో ఫోన్‌లో చెప్పారని తీగ ముట్టుకోకూడదు. లైన్ క్లియర్, అంటే సప్లై ఆపేశాం పని చేసుకోవచ్చని ఇచ్చే అధికారిక అనుమతి, తీసుకున్నాక కూడా టెస్టర్‌తో చూసి, పనిచేసే చోటికి రెండు వైపులా తీగలను నేలకు కలిపి ఎర్త్ చేయాలి. ఎవరింట్లోనో జనరేటర్‌ను తప్పుగా కలిపితే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వెళ్లి, వేల వోల్టులై లైన్లోకి ఎక్కుతుంది. రబ్బరు గ్లౌజు తొడుక్కునే ముందు దాన్ని పైఅంచు నుంచి చుట్టి, లోపల గాలి బంధించి, చెంప దగ్గర పెట్టుకుని ఎక్కడైనా గాలి పోతోందేమో చూస్తారు. నిమిషం పని. ఆ నిమిషం వదిలేయని అలవాటే మీ అబ్బాయికి రావాలి. మంచి శిక్షణ చేసేది అదే.

డేటా సైన్స్ మీద నాకున్న అనుమానాలు కూడా చెప్పాలి. ఆ రంగం చెడ్డదని కాదు. గణితం, స్టాటిస్టిక్స్ ఇష్టపడి, గంటల తరబడి లెక్కల్లో మునిగిపోయే పిల్లలు అక్కడ బాగా రాణిస్తారు. కానీ ఆరు నెలల్లో సర్టిఫికెట్ చేతికొస్తుంది తప్ప ఆ పునాది రాదు. అలాంటి సర్టిఫికెట్లతో మొదటి ఉద్యోగం కోసం క్యూలో నిలబడి, ఇంట్లో మొహం చాటేసుకుంటున్న పిల్లలను నేను చూస్తున్నాను. ఇప్పుడు చిన్నచిన్న కోడింగ్, రిపోర్టుల పనులు ఏఐ టూల్స్ చేసేస్తున్నాయి, ఆ మొదటి మెట్టే కష్టమవుతోంది. పైగా ఇతను చదివింది ఎలక్ట్రికల్. ఆ చదువంతా పక్కన పెట్టమనడానికి కారణం మీ ఉత్తరంలో నాకు కనిపించలేదు.

నాన్నగారికి ఒక మాట. అయ్యా, మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ భయాన్ని కోర్సు ఫీజుగా మార్చి కొడుకు నెత్తిన పెట్టకండి. అతను ఏం అడుగుతున్నాడో ఒక్కసారైనా కూర్చుని విన్నారా? నలుగురిలో చెప్పుకోవడానికి డేటా సైన్స్ బాగుంటుందనే ఆలోచన ఇందులో ఏ కొంచెమైనా ఉంటే, దయచేసి ఈ రోజే వదిలేయండి. ఆ ఉద్యోగం చేయాల్సింది మీరు కాదు.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా: లైన్ల పనిలో నేర్చుకుంటూ జీతం, చేతిలో పని, ఎండావానా, అర్ధరాత్రి పిలుపులు. డేటా సైన్స్‌లో నీడపట్టున పని, కానీ మొదటి అడుగుకే పెద్ద పోటీ. నా ఓటు మొదటిదానికే, ఎత్తంటే అతనికి నిజంగా భయం లేకపోతే.

అమ్మా, ధైర్యంగా ఉండండి. చేరే ముందు బాబును ఒకసారి అక్కడికి వెళ్లి చూసి రమ్మనండి. పోల్ మీద స్పృహ తప్పిన మనిషిని కిందికి దించడం వాళ్లతో ఎంత తరచుగా సాధన చేయిస్తున్నారో, గ్లౌజులు చివరిసారి ల్యాబ్‌లో ఎప్పుడు పరీక్షించారో అడగాలి. అప్రెంటిస్‌ను ఒంటరిగా పంపుతారా అని కూడా అడగాలి. చివరగా సూపర్‌వైజర్‌ను సూటిగా ఒక మాట: "ఈ పోల్ మీద నాకు అనుమానంగా ఉంది, ఎక్కను అంటే ఏం చేస్తారు?" ఇద్దరం కలిసి చూద్దాం పద అంటే నిశ్చింతగా చేరొచ్చు. నవ్వి కొట్టిపారేస్తే ఆ కంపెనీ వద్దు, ఇంకోటి వెతుక్కోమనండి.