యూకేలో చలికాలం పూసే వాసన పూల మొక్కలు, ఉత్తరం గుమ్మం దగ్గర ఏది పెట్టుకోవచ్చు?

మీ ప్రశ్న చదవగానే మేం ఇక్కడికొచ్చిన మొదటి రెండేళ్ళు గుర్తొచ్చాయండి. మీది లీడ్స్‌లో అద్దె ఇల్లు, గుమ్మం ఉత్తరం వైపు, ఎండ తగలదు, మల్లె మొక్క రెండుసార్లు కొంటే రెండుసార్లూ చలికి పోయింది, నవంబర్ నుంచి మార్చి దాకా ఇంటి ముందు ఒక్క పువ్వు లేదు, ఈ చలిలో కూడా వాసనొచ్చే పువ్వు పూసే మొక్క ఏదైనా ఉందా అని కదా అడిగారు. ఉన్నాయండి, ఒకటి కాదు అరడజను పైనే ఉన్నాయి. నేను మిల్టన్ కీన్స్‌లో ఉంటాను, పదకొండేళ్ళయింది. మాది రాజమండ్రి దగ్గర, కడియం నర్సరీలు చూస్తూ పెరిగినదాన్ని, అందుకని ఇంటి ముందు పువ్వు లేకపోతే నాకు ఏదో వెలితిగా ఉంటుంది. మీ బాధ నాకు బాగా తెలుసు.

ముందు మల్లె సంగతి చెప్పేస్తాను. మన మల్లె మంచుకి అస్సలు తట్టుకోదు, దాన్ని బయట పెట్టి చంపుకోకండి. దక్షిణం కిటికీ దగ్గర ఇంట్లోనే కుండీలో ఉంచి, చలికాలం అంతా నీళ్ళు బాగా తగ్గించి, మే చివర్లో బయట పెడితే వేసవిలో ఓ నాలుగు పూలు ఇస్తుంది, అంతే. ఊరినుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో మొక్క పెట్టుకొస్తాం అనే ఆలోచన ఉంటే మానుకోండి, మొక్కలు తేవాలంటే మొక్కకి జబ్బు లేదని అక్కడి ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి, లేకపోతే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

నేను చేసిన తప్పు మీరు చెయ్యకూడదని ఇంకోటి చెప్తున్నాను. వచ్చిన ఏడాది అక్టోబర్‌లో గార్డెన్ సెంటర్‌కి వెళ్తే వింటర్ జాస్మిన్ అని లేబుల్ కనపడింది. జాస్మిన్, అదీ చలికాలంలో, ఇంకేం కావాలి అని రెండు మొక్కలు కొనేసి గోడ పక్కన పెట్టాను. డిసెంబర్‌లో ఆకు లేని పచ్చటి పుల్లల మీద పసుప్పచ్చ పూలు నిజంగానే విరగబూశాయి, ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసనే లేదు! ఆ రకానికి వాసన ఉండదట, పేరు చూసి మోసపోయాను. ఆ రోజు గుమ్మం మీద కూర్చుని ఏడ్చినంత పని చేశాను, మొక్క కోసం కాదులెండి, ఇంటి మీద బెంగ. చూడ్డానికి బావుంటుంది, ఇప్పటికీ ఉంది నా దగ్గర, కానీ మీరు అడిగేది వాసన కాబట్టి అది మీకొద్దు. అలాగే ఇక్కడ బయట తట్టుకునే తెల్ల జాజి ఒకటి దొరుకుతుంది, దానికి వాసన బ్రహ్మాండం, కానీ అది పూసేది వేసవిలో.

ఇక మీ గుమ్మానికి నేను చెప్పేది ఒకటే మొక్క, సార్కోకోకా. ఇక్కడ స్వీట్ బాక్స్ అనీ క్రిస్మస్ బాక్స్ అనీ అంటారు. నాకు ఇది దొరికిన తీరు చెప్తాను. జనవరిలో ఒక సాయంత్రం పిల్లని స్కూల్ నుంచి తీసుకొస్తుంటే ఓ ఇంటి ముందు దాటేసరికి గుప్పున వాసన వచ్చింది, తేనె వాసనకి మల్లె వాసన తోడైనట్టు. అటూ ఇటూ చూశాను, పూలెక్కడా లేవు. మర్నాడు కూడా అదే చోట అదే వాసన. మూడో రోజు పగలు ఒక్కదాన్నే వెళ్ళి వంగి వెతికితే మెట్ల పక్కన మోకాలెత్తు పొదలో కనపడ్డాయి. పువ్వు అంటే రేకులుండవండి దానికి, ఆకు మొదట్లో మీగడ రంగు దారప్పోగులు నాలుగు కలిపి ముడేసినట్టు ఉంటుంది, గోరంత కూడా ఉండదు. ఆకులు మన కరివేపాకంత, కాస్త పెద్దవే, కానీ దళసరిగా, ముదురు పచ్చగా, నూనె రాసినట్టు మెరుస్తూ ఉంటాయి. అలా నిలబడి చూస్తుంటే ఆ ఇంటావిడ బయటికొచ్చింది, సంగతి చెప్తే నవ్వి పేరు కాగితం మీద రాసిచ్చింది. ఆ శనివారమే వెళ్ళి కొన్నాను.

అంత చిన్న పువ్వుకి అంత వాసన ఎందుకంటే, చలికాలంలో తిరిగే పురుగులే తక్కువ కదా, ఎండ కాసిన పూట బయటికొచ్చే ఒకటీ అరా తుమ్మెదల్ని దూరం నుంచే పిలుచుకోవాలి. అందుకే చలికాలం పూసేవాటిలో చాలావాటికి పువ్వు చిన్నది, వాసన పెద్దది. మధ్యాహ్నం కాస్త వెచ్చబడినప్పుడు, గాలి లేనప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. అందుకని చోటు చూసుకోవడమే ఇందులో సగం పని. పెరట్లో చివర పెడితే చలికాలంలో అంతదూరం ఎవరు వెళ్తారు చెప్పండి, వాసనంతా గాలికి పోతుంది. గుమ్మం పక్కన, రెండు గోడలు కలిసే మూల, గాలి కొట్టని చోటు, మనం రోజూ తలుపు తాళం తీస్తూ అర నిమిషం నిలబడే చోటు, అక్కడ పెట్టాలి. మీది ఉత్తరం వైపు అని బాధపడ్డారు కదా, సార్కోకోకాకి అదే ఇష్టం. నీడలో హాయిగా పెరుగుతుంది, మిట్ట ఎండలో అయితే ఆకు పసుపెక్కుతుంది.

కొనేటప్పుడు కన్ఫ్యూజా అనే రకం అడగండి, లేదా హుకేరియానా డిగైనా. కన్ఫ్యూజా నెమ్మదిగా గుబురుగా పెరుగుతుంది, నల్లటి కాయలు కాస్తుంది. డిగైనా పక్కకి పిలకలు వేస్తూ పాకుతుంది, నేలలో అయితే అది బాగుంటుంది, కుండీకి కన్ఫ్యూజానే నయం. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో, పూసి ఉన్నప్పుడు కొనండి, నేను మొక్కలన్నీ ఇప్పుడు అలాగే కొంటున్నాను, లేబుల్ చదవడం కాదు, ముక్కు పెట్టి చూసి కొనడం. నేను 2 లీటర్ల కుండీ మొక్క 14 పౌండ్లకి కొన్నాను.

మీది అద్దె ఇల్లు కాబట్టి నేలలో కాదు కుండీలోనే పెట్టండి, ఇల్లు మారితే మీతోనే వస్తుంది. 35, 40 సెంటీమీటర్ల వెడల్పు కుండీ, అడుగున చిల్లులు ఉండాలి, ఒట్టి కంపోస్ట్ కాకుండా జాన్ ఇన్నెస్ నంబర్ 3 అని మట్టి కలిసిన బస్తా దొరుకుతుంది, అది సగం, మామూలు కంపోస్ట్ సగం, రెండు గుప్పెళ్ళు సన్న గులకరాళ్ళు కలిపి నింపండి. మొక్క వచ్చిన కుండీలో మట్టి ఎంతవరకు ఉందో అంతవరకే పూడ్చాలి, కాండం లోపలికి పోకూడదు. చలికాలంలో కుండీ కింద పళ్ళెం పెట్టొద్దు, రెండు ఇటుక ముక్కల మీద ఎత్తి పెడితే నీళ్ళు కిందకి జారిపోతాయి. చలికాలంలో దానికి నీళ్ళ గొడవే లేదు, వాన సరిపోతుంది. జాగ్రత్తంతా వేసవిలోనే. 2022 జులైలో ఇంగ్లాండ్‌లో మొట్టమొదటిసారి 40 డిగ్రీలు దాటింది చూడండి, అప్పుడు మేం రెండు వారాలు ఊళ్ళో లేము, వచ్చేసరికి కుండీలో మట్టి గోడ వదిలేసి గట్టిపడిపోయింది, మొక్క బతికింది కానీ ఆ చలికాలం పూలు పదో పన్నెండో, అంతే. వచ్చే చలికాలం మొగ్గ అంతా వేసవీ శరదృతువులోనే కట్టుకుంటుందన్నమాట. అప్పటినుంచి వేసవిలో రెండ్రోజులకోసారి వేలు గుచ్చి చూసి మరీ పోస్తున్నాను. మార్చి చివర్లో పూలయిపోయాక కుదురులో పిడికెడు ఎరువు గుళికలు, పొడుగు సాగిన రెమ్మ ఉంటే అప్పుడే కత్తిరింపు, రెండుమూడేళ్ళకోసారి కుండీ మార్పు. ఇంతకుమించి అది ఏమీ అడగదు. కాయలు మాత్రం పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి.

మా అమ్మ ఒకసారి సంక్రాంతికి మా దగ్గరే ఉంది. చలికి బయటికి రాను అని వారం రోజులు ఇంట్లోనే కూర్చుంది, భోగి రోజు పొద్దున్న తలుపు తీసి గుమ్మంలో నిలబడి "ఏమే, ఎవరింట్లోనో పూజ చేస్తున్నారు, పూల వాసనొస్తోంది" అంది. నేను పొద చూపిస్తే నమ్మలేదు, వంగి చూసి, రెండు రెమ్మలు తుంచుకెళ్ళి దేవుడి దగ్గర గ్లాసులో పెట్టింది. గదంతా వాసనే. వెళ్ళేదాకా రోజూ దానికి గుడ్ మార్నింగ్ చెప్పేది.

తర్వాత్తర్వాత మీకు సొంత జాగా వస్తే డాఫ్నీ పెట్టుకోండి, అందులోనూ డాఫ్నీ భోలువా, జాక్వెలిన్ పోస్టిల్ అనే రకం. వాసనలో నా లెక్కన దాన్ని మించింది లేదు. దాని పుట్టిల్లు హిమాలయాలు, నేపాల్‌లో లోక్తా అని చేత్తో చేసే కాగితం ఉంటుంది చూశారా, అది ఈ జాతి మొక్కల బెరడుతోనే చేస్తారు. జనవరి నుంచి మార్చి దాకా గులాబీ తెలుపు కలిసిన గుత్తులు, చెట్టు దాటి పది అడుగులు వెళ్ళినా వాసన వెంట వస్తుంది. కానీ పెట్టడం దగ్గర బహు జాగ్రత్త. మాది ఒట్టి బంకమట్టి. మొదటి మొక్కకి నేను ప్రేమకొద్దీ లోతుగా గుంట తవ్వి, నిండా కంపోస్ట్ పోసి పెట్టాను. చుట్టూ బంక, మధ్యలో మెత్తటి గుంట, వానాకాలం నీళ్ళన్నీ తొట్టెలోకి చేరినట్టు అందులోకే చేరాయి, ఫిబ్రవరిలో పూసింది, ఏప్రిల్‌కి ఆకులు వేలాడేసింది, తవ్వి చూస్తే వేళ్ళు కుళ్ళి నల్లగా ఉన్నాయి. 32 పౌండ్ల మొక్క. రెండోసారి గుంట లోతు కాకుండా వెడల్పు చేసి, తవ్విన మట్టినే గులకతో కలిపి, చుట్టూ నేల కన్నా జానెడు ఎత్తు దిబ్బ చేసి దాని మీద పెట్టాను. ఆరేళ్ళయింది, నా భుజం దాటింది. ఒకసారి పెట్టాక కదిలించకూడదు, కత్తిరింపు కూడా దానికి పడదు. ఇంకో ముఖ్యమైన మాట, ఆకు, బెరడు, కాయ అన్నీ విషమే, రసం చర్మానికి తగిలినా దురద. చిన్న పిల్లలున్న ఇల్లయితే వాళ్ళు పెద్దయ్యేదాకా ఆగండి.

బంకమట్టికి ఏ గొడవా లేకుండా పెరిగేది వైబర్నమ్ బాడ్నాంటెన్స్, డాన్ అనే రకం. వేల్స్‌లోని బాడ్నాంట్ తోటలో పుట్టిన మొక్క, అందుకే ఆ పేరు. ఆకులన్నీ రాలిపోయిన పుల్లల మీద నవంబర్ నుంచే గులాబీ గుత్తులు, గట్టి మంచు పడితే విచ్చుకున్నవి మాడిపోతాయి, వారం తిరక్కుండా కొత్త మొగ్గలు విచ్చుకుంటాయి. రెండు మూడు మీటర్లు పెరుగుతుంది కాబట్టి కుండీలో కుదరదు. వింటర్ హనీసకిల్ అయితే ఇంకా మొండిది, నవంబర్‌లో పెన్సిలంత పుల్లలు కోసి మట్టిలో గుచ్చి మర్చిపోతే ఏడాదికి వేళ్ళొస్తాయి, నేను అలా చేసినవి మా వీధిలో మూడిళ్ళలో పూస్తున్నాయిప్పుడు. మహోనియా ఆకులు ముళ్ళుముళ్ళుగా ఉంటాయి, దోవ పక్కన వద్దు. విచ్ హేజెల్‌కి కాస్త పులుపు నేల కావాలి, దాన్ని అంటు కట్టి అమ్ముతారు, అంటు కింద నుంచి వచ్చే పిలకల్ని ఎప్పటికప్పుడు తీసేయాలి, లేకపోతే అవే పెరిగి అసలు మొక్కని మింగేస్తాయి. వింటర్‌స్వీట్‌కి దక్షిణం గోడ కావాలి, పెట్టిన కొన్నేళ్ళ దాకా పువ్వే చూపించదు, దానికి ఓపిక ఉండాలి. ఒక్క మాట అన్నిటికీ వర్తిస్తుంది, కత్తిరించాల్సి వస్తే పూలయిపోయిన వెంటనే కత్తిరించండి, ఆకురాలు కాలంలో శుభ్రం చేస్తున్నాం అని కత్తెర వేస్తే ఆ చలికాలం పూలన్నీ చెత్తబుట్టలోకే.

మీకు లీడ్స్ నుంచి హారోగేట్ దగ్గరే కదా, అక్కడ ఆర్‌హెచ్‌ఎస్ (రాయల్ హార్టికల్చరల్ సొసైటీ, ఇక్కడి తోటల సంఘం) వాళ్ళ హార్లో కార్ తోట ఉంది, అందులో వింటర్ వాక్ అని చలికాలం మొక్కలకే ఒక దారి ఉంది. మేమైతే కేంబ్రిడ్జ్ దగ్గర ఆంగ్లెసీ ఆబీకి వెళ్తాం, అక్కడి వింటర్ గార్డెన్ 1998లో తెరిచారు, దారికి రెండువైపులా ఇవే మొక్కలు, చివర్లో తెల్లటి బెరడు హిమాలయ బర్చ్ చెట్లు. జనవరి చివర్లో గాలి లేని రోజు చూసుకుని వెళ్ళండి, ఏ వాసన మీకు నచ్చిందో అక్కడే తెలిసిపోతుంది, కొన్న తర్వాత అయ్యో అనుకోవక్కర్లేదు.

మీ ఓనర్ ఒప్పుకుని నేలలో పెట్టుకునే వీలుంటే, మట్టి ఎలా ఉందో ఓ గుప్పెడు తడిపి పిసికి చూసి చెప్పండి, ఉండ కడుతోందా రాలిపోతోందా అని. దాన్నిబట్టి గుంట ఎలా తియ్యాలో కింద రాస్తాను.